ఎట్లాగూ పోయే బండి

మా ఆయన నోటి నుంచి ఒక్కసారైనా వినాలని నేను ఏళ్ల తరబడి ఎదురుచూసిన మాట ఒకటుంది. ప్రేమ మాట కాదు, ఆ ముచ్చట ఎప్పుడో తీరిపోయింది. నేను వినాలనుకున్నది ఒక అంకె. ఎవరైనా వచ్చి "కిరాయి ఎంత?" అని అడిగితే, లోకంలో ఉన్న అందరు డ్రైవర్లలాగా నోరు తెరిచి ఒక అంకె చెప్పాలి. ఆయన చెప్పడు. తల గోక్కుంటాడు, నేల చూస్తాడు, చివరికి "మీ ఇష్టం, మీకు తెల్వనిదా" అంటాడు.

పాలు పోసే మనిషి మీ ఇష్టం అనదు. చెప్పులు కుట్టేవాడు అనడు. బస్సులో కండక్టరు "టికెట్టు మీ ఇష్టం" అంటే ఆ బస్సు డిపో దాటుతుందా? మొహమాటానికి పోతే కడుపైందని సామెత చెబుతారు. మా ఇంట్లో మొహమాటానికి పోతే ఎకరం పోయింది.

ఆ ఎకరం నాది. పెళ్లప్పుడు మా నాన్న పసుపు కుంకుమల కింద ఇచ్చాడు. ఏన్కూరు దగ్గర, రోడ్డుకు ఆనుకుని, బావి నీళ్లు పారే నేల. మా ఆయన అప్పట్లో ఇల్లందులో ఒకరి బొగ్గు లారీ మీద జీతానికి తోలేవాడు. ఆదివారం ఇంటికి వస్తే వాకిట్లో కూర్చుని సొంత బండి గురించే మాట్లాడేవాడు. వినీ వినీ నేనే అన్నాను, నా ఎకరం అమ్మి కొందామని. ఎనభైల చివర్లో ఒక పాత వ్యాను కొన్నాం. ఎకరానికి నలభై కుంటలు, వ్యానుకు నాలుగు చక్రాలు. చక్రానికి పది కుంటల లెక్క అని నేను నవ్వుతూ అనేదాన్ని. ఆ రోజుల్లో నవ్వగలిగేదాన్ని.

మొదటి రెండేళ్లు నిజంగానే బాగా గడిచాయి. ఖమ్మం గంజ్‌లో, అంటే టోకు బజారులో, వ్యాన్ల అడ్డా. అక్కడ నుంచి కిరాణా బస్తాలు ఎత్తుకుని కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలానికో, మణుగూరు కాలనీలకో వెళ్లేవాడు. భద్రాచలానికి కిరాయి నాలుగు వందల యాభై. ఆ అంకె ఎవరు పెట్టారో తెలియదు. అందరికీ తెలుసు, అందరూ ఇచ్చేవాళ్లు. మా ఆయన "మీ ఇష్టం" అన్నా నాలుగు వందల యాభైయే చేతిలో పడేది, ఒక్కోసారి పైన పది కూడా. దాంతో ఆ మాటేదో మంత్రమని ఆయన నమ్మేశాడు.

తరువాత బండ్లు పెరిగాయి. బ్యాంకులు అప్పులిస్తుంటే ప్రతి ఊళ్లో ఒకడు వ్యాను కొన్నాడు. భద్రాచలం నుంచి సరుకు తెచ్చిన బండి ఖమ్మంలో దింపేసి ఖాళీగా తిరిగి వెళ్లాలి కదా, ఆ డ్రైవరు డీజిల్ ఖర్చు వచ్చినా చాలని సగానికే బస్తాలు ఎత్తేవాడు. వ్యాపారులు ఆ రుచి మరిగారు. పొద్దున పంపాల్సిన సరుకును మధ్యాహ్నం దాకా అరుగు మీదే ఉంచి, రిటర్న్ బండి ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్లు. దాంతో మన అడ్డా డ్రైవర్లు ఏం చేశారో తెలుసా? బండి ముఖాన్ని భద్రాచలం రోడ్డు వైపు తిప్పి నిలబెట్టి, "మాది కూడా రిటర్న్ బండే సేటూ" అనడం మొదలుపెట్టారు. పది బండ్లుంటే పదీ రిటర్న్ బండ్లే! ఇంట్లో అన్నం తిని వచ్చినవాడు కూడా ఇంటికి పోతున్నానని చెప్పి సగం కిరాయికి బయలుదేరేవాడు. తమ కూటిలో తామే మట్టి పోసుకోవడమంటే అదే.

మా ఆయన అబద్ధం ఆడలేదు, ఆ మాట నేను ఒప్పుకుంటాను. ఆయన చేసిందల్లా టీ తాగడం. ఆయనకు ఎక్కువ కిరాయిలు ఇచ్చే సేటు ఒకడుండేవాడు, కిరాణా హోల్‌సేల్ దుకాణం. మంచి మాటకారి. కిరాయి తగ్గించాలనుకున్న రోజున మా ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించేవాడు. మొదటి టీతో నాలుగు వందల ఇరవై అయింది. ఇంకో టీతో నాలుగు వందలు. డీజిల్ ధర పైకి, టైర్ల ధర పైకి, కిరాయి ఒక్కటే కిందికి. మూడు వందల ఇరవైకి వచ్చిన రోజు సాయంత్రం నేను అడిగాను.

"ఇయ్యాల గూడ టీ తాగినవా?"

"పిలిచి ఇస్తే వద్దంటమా?"

"ఆ టీ ఎంతదో తెలుసా నీకు? ముప్పై రూపాయలది. అర్ధ రూపాయికి రోడ్డు మీద దొరుకుద్ది."

అప్పుడే నేను గీత గీశాను. కిరాయి మూడు వందలకు తగ్గిన రోజు బండి అమ్మేయాలి. అంతకన్నా కిందికి పోతే డీజిల్‌కూ రిపేర్లకూ సరిపోయి, మనకు మిగిలేది నడుం నొప్పి. నా ఎకరం రోడ్డు మీద అరిగిపోతుంటే చూస్తూ ఊరుకోలేను. ఆయన ముఖం నల్లబడింది. జీతానికి మళ్లీ ఎవరి బండీ ఎక్కనని ఆయన పట్టు, నాకది తెలుసు. అందుకే ఇంకో మాట కూడా అన్నాను, రేపటి నుంచి నేనూ బండెక్కుతాను, బేరం నేను చేస్తానని.

పిల్లలను మా అత్తమ్మకు అప్పజెప్పి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్లాను. బేరానికి పోయే మనిషి మాసిన చీరతో పోతే ఎవరు లెక్కచేస్తారని. ఆ చీరే నా కొంప ముంచింది.

సేటు నన్ను చూసి అరుగు దిగి వచ్చాడు.

"ఏంది తమ్మీ, ఇంటామెను గూడ తోలుకొచ్చినవ్? రాములవారి దర్శనానికా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన తల గోక్కున్నాడు. పెళ్లాం బేరమాడటానికి వచ్చిందని చెప్పడానికి సిగ్గు. "అవ్ సేటూ" అన్నాడు.

"మంచిది, మంచిది. గట్లయితే ఎట్లాగూ పోయే బండే గదా! రెండు వందల యాభై తీస్కో. దేవుని దగ్గరికి పోతున్నరు, నా బస్తాలకు గూడ ఇంత పుణ్యం వస్తది."

"నాలుగు వందల యాభై" అన్నాను నేను, బాగా గట్టిగా.

సేటు నావైపు చూడను కూడా చూడలేదు. "ఏంది తమ్మీ, అమ్మ పరాచికాలాడుతుంది" అని నవ్వి, నా చేతిలో ఐదు రూపాయలు పెట్టాడు. "నా పేరు మీద ఒక కొబ్బరికాయ కొట్టమ్మా."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నా విషయంలోనే జరిగింది. పాల్వంచ దాటేదాకా నేను మా ఆయనను తిట్టని తిట్టు లేదు. ఆయన రోడ్డు చూస్తూ తోలాడు. గుడికి పోయి కొబ్బరికాయ కొట్టాను గాని, సేటు పేరు మాత్రం చెప్పలేదు. రాముడికి ఎవరి పేరు చేరిందో ఆయనకే తెలియాలి. వచ్చేటప్పుడు ఖమ్మం మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాలు వేయడానికి బండి ఆపిన రైతు కూడా నా బొట్టు, చేతిలోని ప్రసాదం చూసి "దర్శనమై ఇంటికేనా? ఖాళీగ పోయే బండే గదా" అన్నాడు. ఆ నెలలో నాలుగుసార్లు దర్శనం చేసుకున్నాను. నాలుగుసార్లూ సగం కిరాయే.

ఆ నాలుగో ప్రయాణంలో ఒకటి జరిగింది. మణుగూరులో కొన్ని బస్తాలు దింపి భద్రాచలం వస్తుంటే, అడవి అంచున, ఒకామె చింతపండు గంపలు పెట్టుకుని నిలబడి ఉంది. కోయగూడేల్లో కొని భద్రాచలంలో అమ్ముకునే మనిషి. మా బండి ఆమెకు అలవాటే. గంపలు ఎక్కించాక మా ఆయన మామూలుగానే మీ ఇష్టం అన్నాడు. ఆమె కొంగు ముడి విప్పి ఎప్పుడూ ఇచ్చే ఇరవై రూపాయలు ఇచ్చింది. నాకు ఆశ్చర్యం వేసి, "కిరాయిలు తగ్గినయ్ గదమ్మా, నీకు తెల్వదా?" అని అడిగేశాను. అంత తెలివి నాది!

ఆమె నన్ను వింతగా చూసింది. "బస్సు టికెట్టు పెరిగింది గదా. మీ కిరాయి ఎట్ల తగ్గుద్ది?" అంది.

గంజ్‌లో అంతమంది సేట్లలో ఒక్కడికీ పుట్టని ఆలోచన. ఆమె దిగిపోయాక మా ఆయన తనంతట తానే మాట్లాడాడు. అది ఆయనకు అరుదు.

"నేను ధర చెప్తే దాంట్లకెల్లి తగ్గించమని అడుగుతరు. చెప్పకుంటే తక్కువ ఇయ్యనీకి వాళ్లకే సిగ్గయితది. మా ఊరి కాడ గట్లనే నడిచింది."

"సిగ్గున్నోళ్ల కాడ నడుస్తది" అన్నాను నేను. కాని అప్పటిదాకా ఆయన ఊరికే మెతక మనిషి అనుకున్నాను, ఆయన మాట వెనుక ఒక లెక్క ఉందని ఆరోజే తెలిసింది. తెలిసినందుకు కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. కాలం చెల్లిన లెక్కతో నా ఎకరం పణంగా పెట్టి ఆడుతున్నాడు కదా!

నేను బండెక్కడం మానేశాను. మరుసటి వారం ఆయన ఒక్కడే గంజ్‌కు పోతే సేటు టీ కూడా తెప్పించలేదు. "పోయినసారి రెండు వందల యాభైకే పోయినవ్ గదా తమ్మీ" అన్నాడట. దర్శనం కిరాయి అలాగే నిలిచిపోయింది. మూడు వందల గీత నేను గీశాను, దాన్ని దాటించింది కూడా నేనే. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఎండాకాలం రాకముందే బండి అమ్మేశాం. వచ్చిన డబ్బుతో నా ఎకరంలో పావు వంతు కూడా రాదు. నేల ధర పెరిగింది, బండి ధర పడిపోయింది. కొన్నవాడు తాళంచెవి తీసుకుని వెళుతుంటే మా ఆయన వెనకాలే కొంతదూరం నడిచి, గేరు ఎక్కడ గట్టిగా పడుతుందో చెప్పి వచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. నేనూ బతిమాలలేదు.

తరువాత అన్నదమ్ముల పంపకంలో వచ్చిన ఆయన వాటా రెండెకరాల్లో మిర్చి వేశాం. రెండో పంట బాగా వచ్చింది. పన్నెండు బస్తాలు ఏన్కూరు రోడ్డు మీదికి చేర్చి, ఖమ్మం యార్డుకు బండి కోసం నిలబడ్డాం. భద్రాచలం వైపు నుంచి ఒక ఖాళీ వ్యాను వచ్చి ఆగింది. నలభై దాటిన మనిషి, తలకు తువ్వాలు. నేనే అడిగాను.

"ఖమ్మం యార్డుకు. కిరాయి ఎంత?"

అతను తల గోక్కున్నాడు. నేల చూశాడు. "మీ ఇష్టం అమ్మా. మీకు తెల్వనిదా."

నాకు నవ్వు రావాలి, లేకపోతే ఏడుపైనా రావాలి. రెండూ రాలేదు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "ఎట్లాగూ ఖాళీగ పోయే బండే గదా. డెబ్బై తీస్కో."

అతను సరే అన్నాడు. బస్తా ఎత్తడానికి వంగాడు. మా ఆయన వచ్చి ఆ బస్తా మీద చెయ్యి పెట్టాడు.

"నూట యాభై" అన్నాడు.

ఎవరితో అంటున్నాడో నాకు అర్థం కాలేదు.

"ఖమ్మానికి నూట యాభై. అంతకు తక్కువైతే ఎత్తకు" అన్నాడు ఆ డ్రైవరుతో.

ఆ మనిషి బిత్తరపోయి నా ముఖం, ఆయన ముఖం మార్చి మార్చి చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రోడ్డు మీద ఉన్నానన్న సంగతి కూడా మరిచి అరిచాను. "నువ్వు ఎవరి దిక్కయ్యా? ఈ నోరు అప్పుడేమైంది? ఒక్కసారి గంజ్‌లో ఈ మాట అంటే నా ఎకరం నాకుండేది గదా!"

"నా కోసం అడగనీకి నాకు నోరు రాలే" అన్నాడు. బస్తా మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

పెళ్లయిన పదహారేళ్లకు మా ఆయన నోట ఒక అంకె విన్నాను. అదీ నా కొంగు ముడి మీదికే. ముడి విప్పి నూట యాభై డ్రైవరు చేతిలో పెట్టాను, వాళ్లిద్దరూ కలిసి బస్తాలు ఎత్తారు.