నలభై ఒకటో రూలు

మా కృపానిధి మాస్టారికి జాలి లేదు. ఈ మాట గిట్టనివాళ్ళు పుట్టించింది కాదు, మొదటి రోజు క్లాసులో నిలబడి ఆయనే చెప్పుకునేవారు. "నా దగ్గర జాలి ఉండదర్రా. రూలు ఉంటాది. రూల్లో ఉంటే అడక్కుండా ఇస్తాను, రూల్లో లేకపోతే కాళ్ళట్టుకున్నా ఇవ్వను." పేరుకీ మనిషికీ ఇంత దూరమేమిటా అని మేం ఆలోచిస్తుండగానే, చేతిసంచీలోంచి తొమ్మిది పేజీల కాగితాల బొత్తి తీసి చదవడం మొదలుపెట్టేవారు.

ఇది రెండువేల పన్నెండు సంగతి. పొందూరులో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను బీయస్సీ కంప్యూటర్స్‌లో చేరాను. మాస్టారు మాకు కంప్యూటరు లెక్చరరు. హాజరుకి ఐదు మార్కులు, ల్యాబు పరీక్షకి పది, రికార్డుకి పది, రికార్డు ఇవ్వనివాళ్ళకి హాల్ టికెట్టు లేదు. ఈ నాలుగు ముక్కలూ వేరే లెక్చరరైతే బోర్డు మీద రాసి చేతులు దులుపుకుంటాడు. మా మాస్టారికి రెండు పీరియడ్లు పట్టింది. మధ్యలో మంచినీళ్ళు తాగడానికి ఆగారు, అది కూడా మూడో రూల్లో ఉందట.

ఆయన కొత్తగా చేరిన ఏడు ఆ బొత్తిలో పదకొండు రూల్సే ఉండేవని సీనియర్లు చెప్పుకునేవారు. మేం చేరేసరికి ముప్ఫై ఆరు. మేం ఆఖరి సెమిస్టరుకి వచ్చేసరికి మరి నాలుగు పెరిగి నలభై అయ్యాయి, ఆఖరి నెలలో ఇంకో రెండు. ఆ నాలుగూ నా మూలంగా పుట్టినవే. నా పేరు కొండబాబు. బజార్లో మాకు కిరాణా కొట్టుంది. మొదటి సెమిస్టరులో రికార్డు రాయడానికి నాకు బద్ధకమేసి, కొట్టు మీద భారం వేశాను.

"మాస్టారూ, నా రికార్డు ఎలకలు కొట్టీసినాయండి."

"ఏ పేజీ నుంచి?"

"మొదటి పేజీ నుంచండి."

"మరి అట్ట?"

"అట్ట బాగానే ఉన్నాదండి."

"అట్ట వదిలీసి లోపల ప్రోగ్రాములు మాత్రం తిన్నాదంటే అది సదువుకున్న ఎలకరా. దాన్ని పట్టుకొచ్చి జాయిను సెయ్యి. నీకు ఎలాగూ లేదు, హాజరు దానికైనా ఉంటాది."

మర్నాడు ల్యాబు తలుపు మీద కొత్త కాగితం వెలిసింది. "37. రికార్డును ఎలుకలు తినెననుట చెల్లదు." మరుసటి సెమిస్టరులో నేను పిల్లి అన్నాను. ముప్ఫై ఎనిమిదో రూలు వచ్చింది. ముప్ఫై తొమ్మిదోది బ్రతికియున్న తాతగారి దినము చెల్లదని. ఆ వారమే మా తాత సైకిలు మీద కాలేజీకి వచ్చి, మనవడు ఎలా చదువుతున్నాడని మాస్టారినే అడిగాడు. నలభయ్యోది, ఒకరు చెప్పవలసిన అబద్ధమును స్నేహితునిచేత చెప్పించుట చెల్లదని. మాట్లాడేటప్పుడు అచ్చం మాలాగే మాట్లాడే మనిషి, రూలు రాయడానికి కూర్చుంటే మాత్రం పాతకాలపు దస్తావేజు అయిపోయేవారు.

మార్కులు తగ్గించే అలవాటు కాలేజీ గేటు దాటినా ఆగేది కాదు. క్యాంటీను జగ్గమ్మ టీ ఇస్తే ఒక గుక్క తాగి, "నిన్న పంచదార రెండు సెంచాలు, ఇయ్యాల ఒకటిన్నర. అర మార్కు పోయింది జగ్గమ్మా" అనేవారు. "మార్కు పోతే పోయింది గానీ, గలాసిటివ్వండి మాస్టారూ, కడుక్కోవాల" అనేది జగ్గమ్మ. చర్చిలో పాస్టరు గారి ప్రసంగానికి నలభై నిమిషాలని ఆయన లెక్క. నలభై ఒకటో నిమిషాన కళ్ళజోడు పెట్టె టక్కున మూసేవారు. ఆ చప్పుడుకి పాస్టరు గారు కూడా అలవాటుపడి, ఎక్కడున్నా అక్కడినుంచి నేరుగా ఆమెన్‌కి వచ్చేసేవారు.

తనని తానైనా వదిలేవారా అంటే, అదీ లేదు. ఒకరోజు స్కూటరు టైరు పంచరై ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. రిజిస్టరు తెరిచి, ఆఖర్న తన పేరు రాసుకుని, ఎర్ర సిరాతో ఆబ్సెంటు వేసుకుని పాఠం మొదలుపెట్టారు.

"మాస్టారూ, మీరు ఎదురుగా పాఠం సెప్తన్నారు కదండీ, ఆబ్సెంటేటండి?" అన్నాను.

"పాఠం సెప్పడం నా పని. హాజరు గడియారం పని. దాని పనిలో నాను వేలు పెట్టను."

ఇలా మా దొంగవేషాల్ని పట్టుకోవడానికి పుట్టిన రూల్సు సరే, వాటి అర్థం మాకు తెలుసు. బొత్తిలో మరికొన్ని ఉండేవి, వాటికి తలా తోకా తెలిసేది కాదు. "17. కుడిచేయి పనిచేయనివారి టైపింగు వేగమును రెండుతో హెచ్చవేయవలెను." "22. పెండ్లి శుభలేఖతో అట్ట వేసిన రికార్డును అట్ట వేసిన రికార్డుగానే పరిగణించవలెను." "29. మొదటి పీరియడులో నిద్రించువారిని పదిహేను నిమిషముల వరకు లేపరాదు. గురక పెట్టినచో లేపవచ్చును." ఈ ఇరవై తొమ్మిదో రూలుని ఆయన గొంతుతో చదివి క్యాంటీన్లో అందర్నీ నవ్వించడం నాకు మూడేళ్ళ పాటు పెద్ద పేరు తెచ్చింది. మాస్టారికి తిక్క ముదిరినప్పుడల్లా ఓ రూలు కక్కుతారని మా అందరి నమ్మకం.

మా క్లాసులో గున్నమ్మ అని ఒకమ్మాయి ఉండేది. నాయనమ్మ పేరు పెట్టారు. నౌపడ నుంచి పొద్దుటి ప్యాసింజర్లో వచ్చి, సాయంత్రం బండికి వెళ్ళేది. తండ్రి లేడు. తల్లి లక్ష్మణమ్మ ఉప్పుమళ్ళలో కూలి, సెలవు రోజుల్లో గున్నమ్మ కూడా మళ్ళలోకి దిగేది. ఇంట్లో కంప్యూటరు లేదు కాబట్టి ప్రోగ్రాము మొత్తం కాగితం మీద రాసుకుని, వేలితో లైను లైనూ చదువుకుని, అప్పుడు వచ్చి మిషను ముందు కూర్చునేది. మేం పదిసార్లు కొట్టినా నడవనిది, ఆమె ఒక్కసారి కొడితే నడిచేది. డిగ్రీ అయితే విజయనగరంలో ఎమ్సీయే చదవాలని ఆశ. తల్లి ఒక్కటే షరతు పెట్టింది, ఒక్క ఏడు తప్పినా చదువు చాలు, మళ్ళలోకి వచ్చేయాలని.

ఆఖరి సెమిస్టరు, రెండువేల పదిహేను మార్చి. రికార్డు ఇవ్వడానికి గడువు ఒక గురువారం సాయంత్రం నాలుగు. ఆ రోజే టీవీలో ప్రపంచకప్పు మ్యాచ్. నేను ఇంట్లో కూర్చుని మ్యాచ్ చూశాను, రికార్డు ఇవ్వలేదు. గున్నమ్మ ఆ రోజు కాలేజీకే రాలేదు. శుక్రవారం పొద్దున్న ప్లాస్టిక్ కవరులో చుట్టిన రికార్డుతో వచ్చి మాస్టారి బల్ల ముందు నిలబడింది. కాగితాల అంచులు తెల్లగా, బిరుసుగా ఉన్నాయి.

"ఏటమ్మా ఇది?"

"రికార్డండి."

"గడువు నిన్న నాలుక్కి కదా."

"నిన్న మా వైపు వానొచ్చీసిందండి. మబ్బట్టిందంటే మళ్ళు వదిలి ఎవ్వులూ కదలకూడదండి. ఉప్పు పోగుసేసి తాటాకులు కప్పకపోతే అంతా నీళ్ళైపోద్ది. ముసిలోళ్ళు కూడా మోస్తన్నారండి. అమ్మని వదిలీసి బండెక్కలేకపోయాను."

మాస్టారు కిటికీలోంచి చూశారు. ఎదురింటి పెరట్లో నేతకని ఆరేసిన నూలు చిలపల మీద ఎండ పెళపెళలాడుతోంది. ఈ ఊళ్ళో చుక్క పడి నెలయింది.

"ఇది ఏ రూల్లో ఉన్నాది?" అన్నారు.

గున్నమ్మ కాసేపు ఆలోచించింది. ఆ పిల్లకి బొత్తి మొత్తం కంఠతా వచ్చు. "ఏ రూల్లోనూ నేదండి" అంది.

"నేదు కదా" అని రికార్డు ఆమె చేతిలో పెట్టేశారు. గున్నమ్మ ఏడవలేదు, ఒక్క మాట బతిమాలలేదు. రికార్డు మళ్ళీ కవర్లో చుట్టుకుని వెళ్ళి, సాయంత్రం బండి దాకా స్టేషను బల్ల మీద కూర్చుంది.

మాకు ఒళ్ళు మండిపోయింది. అందరికంటే ఎక్కువ మండింది నాకు, ఎందుకంటే నా రికార్డు కూడా అందలేదు. క్యాంటీన్లో సభ పెట్టాం. జగ్గమ్మ, "ఇయ్యాల్టి నుంచి ఆ మాస్టారికి టీ నేదు" అని తీర్మానించింది. ప్రిన్సిపాలు వెంకటరావు గారికి అర్జీ నేనే రాశాను. నౌపడ విద్యార్థిని గున్నమ్మ రికార్డు తీసుకోవలెనని రాసి, ఎందుకైనా మంచిదని "మరియు ఇతరులు" అని ఓ ముక్క చేర్చాను.

సోమవారం పొద్దున్న అర్జీ పట్టుకుని వెళ్తుంటే ల్యాబు తలుపు దగ్గర గుంపు. కొత్త కాగితం. "41. రికార్డు గడువు దినమున నౌపడ ఉప్పుమళ్ళపై వాన కురిసినచో, ఆ దినము ఈ కోర్సు లెక్కలో దినము కాదు. గడువు తరువాతి సోమవారము సాయంత్రము నాలుగు గంటలకు మారును. అందరికి వర్తించును. గత గురువారము నుండి అమలు." అర్జీ జేబులో పెట్టుకుని ప్రిన్సిపాలు గది వైపు పరిగెత్తాను. మాస్టారు అప్పటికే లోపల ఉన్నారు. నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను.

"మాస్టారూ, గురువారం ఎండ నెత్తి మాడ్చీసింది కదండీ," అంటున్నారు వెంకటరావు గారు, "దాన్ని వానరోజంటే ఎలాగండి?"

"రూల్లో పొందూరని లేదండి. నౌపడ అని ఉన్నాది."

"నౌపడలో వాన పడినట్టు మనకేటండి రుజువు?"

మాస్టారు చేతిసంచీలోంచి రెండు పొట్లాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది వానకి ముందు తీసిన ఉప్పు. ఇది తడిసింది. నిన్న సొయంగా ఎల్లి తెచ్చాను. ఇదిగో, మళ్ళలో పనిసేసే పదకొండుమంది వేలిముద్రలు. రుసి సూస్తారేటి?"

"వద్దండి, వద్దు," అని వెంకటరావు గారు కుర్చీ వెనక్కి జరిపారు. "ఇంత తతంగం దేనికండీ? పాపం పేదపిల్ల, ఈసారికి పోనీలే అని ఓ సంతకం పడీస్తే సరిపోద్ది కదా."

"సరిపోదండి. పాపం అని ఇస్తే ఆ పిల్ల తలొంచుకుని తీసుకోవాల. మళ్ళీ ఏడు ఇంకో పిల్ల వస్తాది, అదీ తన కష్టం నలుగురి ముందూ సెప్పుకుని ఏడవాల. రూలైతే అక్కర్లేదు. రికార్డు బల్ల మీద పడీసి, నలభై ఒకటి అని సెప్పి ఎల్లిపోవచ్చు."

వెంకటరావు గారు పొట్లాల్ని మాస్టారి వైపు నెట్టి, సరేనన్నారు. ఆ అర్జీని అక్కడే నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాను.

మధ్యాహ్నం రికార్డు రాయడానికి ఇంటికి పరిగెత్తేసరికి, మాస్టారి భార్య మెర్సీ గారు మా కొట్లో సామాన్లు కట్టించుకుంటున్నారు. "ఉప్పు మాత్రం వద్దు బాబూ," అన్నారు నన్ను చూసి. "రుజువంటే ఒక గుప్పెడు సాలు కదా, బస్తాడు మోసుకొచ్చీసినారు. పెళ్ళైన కాడినుంచి మొదటిసారి ఆదివారం ఆరాధన మానీసినారు. ఇంటికొచ్చి డైరీలో ఎర్ర సిరాతో ఆబ్సెంటు ఏసుకున్నారు."

నేను ఉండబట్టలేక ఇరవై తొమ్మిదో రూలు సంగతి అడిగాను.

"అదా? రాత్రంతా మిల్లు దగ్గర కాపలా కాసి, పొద్దున్న క్లాసుకొచ్చే పిల్లాడు ఒకడుండేవాడు. పదిహేడోది సెయ్యి నూర్పిడి మిషన్లో పడినోడి కోసం. శుభలేఖది, అట్టకాగితం కొనుక్కోలేని పిల్ల కోసం. పేర్లు నాక్కూడా సెప్పరు బాబూ."

మూడేళ్ళు క్యాంటీన్లో ఆ రూలు చదివి నవ్వించినవాణ్ణి, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సామాన్ల సంచీ మోసుకెళ్ళి వాళ్ళింట్లో దింపి వచ్చాను.

గున్నమ్మ ఆ పొద్దున్నే రికార్డు ఇచ్చేసిందని తర్వాత తెలిసింది. "నలభై ఒకటండి" అని బల్ల మీద పెట్టిందట. మాస్టారు పేజీలు తిప్పుతుంటే ఉప్పురవ్వలు రాలాయట. పదికి తొమ్మిదిన్నర వేశారు. "అర మార్కు ఏ రూలు కిందండి?" అని గున్నమ్మ తల ఎత్తి అడిగిందట. "ఆరు. అంచులు శుభ్రంగా ఉండాల," అన్నారట ఆయన. జగ్గమ్మ ఆ రోజు ఆయన టీలో మూడు చెంచాల పంచదార వేసి పంపితే, ఎక్కువైందని మళ్ళీ అర మార్కు తగ్గించారు.

నాలుగుకి ఐదు నిమిషాలుండగా నేను రొప్పుతూ నా రికార్డు పట్టుకెళ్ళాను.

"నీకేటిరా, మీ కొట్టు మీద కూడా వాన పడిందా?"

నోటి దాకా ఓ మంచి అబద్ధం వచ్చింది. ఎందుకో మింగేశాను. "లేదండి. మ్యాచ్ సూస్తూ కూకున్నానండి."

మాస్టారు కళ్ళజోడు తీసి నన్ను పైనుంచి కింది దాకా చూశారు. "ఒంట్లో బాగానే ఉన్నాదా?"

"బాగానే ఉన్నాదండి. నలభై ఒకటిలో అందరికీ అని ఉన్నాదండి."

"ఉన్నాది. అదీ రూలంటే. ఇటివ్వు."

మర్నాడు తలుపు మీద ఇంకో కాగితం. "42. పై నియమము ఆ దినమున ఇంట క్రికెట్టు చూచుచు కూర్చున్నవారికి కూడ వర్తించును. వారు సిగ్గుపడవచ్చును. అందుకు మార్కులు లేవు."

గున్నమ్మ విజయనగరంలో ఎమ్సీయే పూర్తిచేసి, మాస్టారు రిటైరయ్యాక ఆ కుర్చీలోకే వచ్చింది. రెండువేల పంతొమ్మిది జూన్లో మొదటి క్లాసుకి నన్ను పిలిచి వెనకబెంచీలో కూర్చోబెట్టింది. బొత్తి యాభై ఎనిమిది రూల్సుకి పెరిగింది, రెండు పీరియడ్లూ ఓపిగ్గా చదివింది. నలభై ఒకటి దగ్గర ఆమె గొంతు ఏమీ మారలేదు. నలభై రెండు దగ్గర పిల్లలు ఘొల్లుమన్నారు, నేనూ నవ్వాను. ఆ బొత్తిలో నా మూలంగా వచ్చినవి ఐదు రూల్సు. నాలుగు నా అబద్ధాలకి పుట్టాయి, ఐదోది మాత్రం నేను నిజం చెప్పినందుకు పుట్టింది. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ, కొట్లో సరుకుల కోసం వచ్చినవాళ్ళకీ దాన్నే చెప్పుకుంటున్నాను.