తంజోంగ్ పగార్ నుంచి తెచ్చిన పుల్ల క్యాబేజీ

సింగపూర్ చూడాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. మా ఆఖరి తమ్ముడు మురళి అక్కడ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రమ్మని పిలుస్తూనే ఉన్నాడు, నేను చూద్దాంలే అంటూనే ఉన్నాను. ఈసారి ఫోన్లో వాడు రమ్మని అనలేదు. "అక్కా, అత్తయ్యగారు తిండి తినడం లేదు," అన్నాడు. అత్తయ్యగారంటే వాడి భార్య ఒక్సానా తల్లి, హలీనా గారు. వాళ్లది ఉక్రెయిన్‌లో పోల్తావా వైపు ఒక చిన్న ఊరు. భర్త పోయాక, ఆ యుద్ధంలో ఒక్కతే ఎలా ఉంటుందని కూతురు తన దగ్గరికి తెచ్చుకుంది. వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ రొట్టె ముక్క, టీ తప్ప ముట్టడం లేదట. బరువు ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చుకోవాల్సిందేనని డాక్టరు చెప్పారట. "నీ చేతి వంట కాదన్నవాళ్లు లేరక్కా," అన్నాడు మురళి. అయిదుగురిలో పెద్దదాన్ని. ఇంట్లో ఎవరు అన్నం మానేసినా కబురు నాకే వస్తుంది. దేవుడి దగ్గర దీపం పెట్టి, టికెట్టు తియ్యమన్నాను.

కాకినాడ నుంచి విశాఖకు రైల్లో వెళ్లి, అక్కడ విమానం ఎక్కాను. నేరుగా వెళ్లే విమానమైతే నాలుగు గంటల ప్రయాణం. బయలుదేరే ముందు ఆన్‌లైన్‌లో రాక కార్డు నింపాలి, దానికి రుసుము లేదు. మాంసం పదార్థాలు తేనివ్వరు. నేనెలాగూ తేను, మాంసం మానేసి చాలా ఏళ్లయింది. నా పెట్టెలో గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు ఉన్నాయి. మురళి వాళ్ల ఫ్లాటు పాయా లేబర్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, పదకొండో అంతస్తులో ఉంది. వంటిల్లు చిన్నది, కిటికీ పెద్దది. నాకు చాలనిపించింది.

హలీనా గారు పొడవైన మనిషి. ఒకప్పుడు పుష్టిగా ఉండేవారని వదులైన గౌను చూస్తే తెలుస్తోంది. నన్ను చూసి లేచి నిలబడి, రెండు చేతులూ పట్టుకున్నారు. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు. "వదినగారూ, బాగున్నారా?" అన్నాను. వియ్యపురాలిని మేం అలాగే పిలుస్తాం. ఒక్సానా నవ్వుతూ ఏదో చెప్పింది. ఆవిడ తల ఊపి మళ్లీ కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు.

మొదటి రోజు పప్పుచారు, మరునాడు కొబ్బరన్నం, ఆ మరునాడు ఇడ్లీ చేశాను. ఆవిడ మర్యాదకు ఒక్కొక్క చెంచా తిని, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కృతజ్ఞత చెప్పేవారు. పళ్లెం అలాగే ఉండిపోయేది. టీ తాగాక కప్పు కడగడానికి ఆవిడ లేస్తే నేను చేతిలోంచి అందుకునేదాన్ని. ఉల్లిపాయలు తరుగుతుంటే వచ్చి పక్కన నిలబడితే, భుజం పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. మురళీ అంతే. "అత్తయ్యగారూ, మీరు కూర్చోండి" అన్న మాట ఆవిడకు తెలుగులోనే అర్థమైపోయేంతగా అనేవాడు. పిల్లనిచ్చిన తల్లి చేత గిన్నె కడిగించడం మా ఇంటా వంటా లేదు.

శుక్రవారం సాయంత్రం ఒక్సానాను అడిగాను, మీ అమ్మగారికి అన్నిటికంటే ఇష్టమైనది ఏమిటని. తను తెలుగు నేర్చుకుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది.

"ఇష్టమైనది అంటే, అమ్మ ఎక్కువ వండేది కపుస్తా, వదినా. పులియబెట్టిన క్యాబేజీ, సాసేజ్. చలికాలం అంతా అదే."

"నువ్వు వండవచ్చు కదమ్మా?"

"నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. పాడు చేస్తావు, పో అనేది. తినడం ఒక్కటే నేర్చుకున్నాను."

"అయితే ఎలా చేస్తారో చూశావు కదా. చూసినంత చెప్పు," అన్నాను.

తను చెప్పింది, నేను విన్నాను. సాసేజ్ అంటే పంది మాంసమని చెప్పి, నా ముఖం వంక చూసింది. "మానేసింది నేనమ్మా, ఆవిడ కాదు. వండడం నేనెప్పుడూ మానలేదు," అన్నాను. ఇంటికి కోడలిగా వెళ్లిన నాటి నుంచి అందరికీ అన్నీ వండి పెట్టాను. రుచి చూడకుండా వండడం నాకు అలవాటు. నైవేద్యం వండే చెయ్యి కదా, పొయ్యి మీద ఉన్నది నోట్లో వేసుకోదు. ఆవిరి వాసనతోనే ఉప్పు చెబుతానని మా వాళ్లందరికీ నా మీద నమ్మకం. నాకూ ఉంది.

శనివారం పది దాటాక నేను, మురళి రైలెక్కాం. పాయా లేబర్ నుంచి తంజోంగ్ పగార్‌కు ఆకుపచ్చ లైను మీద ఒకే రైలు, మారక్కర్లేదు. పావుగంట పైన పడుతుంది, మనిషికి రెండు డాలర్లలోపే. బ్యాంకు కార్డు గేటుకు ఆనిస్తే చాలు, టికెట్టు కొనక్కర్లేదు. శనివారం కాబట్టి కూర్చోవడానికి చోటు దొరికింది. మురళి చాంగీ బిజినెస్ పార్క్‌లో పనిచేస్తాడు, రోజూ ఇటు కాకుండా అటు వెళ్లే రైలట.

"పంది సాసేజ్ కొనడానికి అక్కతో వెళ్తున్నానని అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పనా?" అన్నాడు.

"చెప్పు. నువ్వు చిన్నప్పుడు వంకాయ తినకుండా పళ్లెం కింద దాచేవాడివని నేను మీ ఆవిడకు చెబుతాను."

"వద్దులే, లెక్క సరిపోయింది," అని నోరు మూసుకున్నాడు.

దుకాణం స్టేషన్ నుంచి అయిదారు నిమిషాల నడక. పెద్ద పెద్ద ఆఫీసు భవనాల వెనక, పాత రెండంతస్తుల ఇళ్ల వరుసలో ఉంది. తూర్పు ఐరోపా సరుకులు అమ్ముతారు. వారాంతాల్లో పదకొండుకు తెరుస్తారు. మేం గడపలో అయిదు నిమిషాలు ఆగాం. అమ్మే అమ్మాయి కజకస్తాన్ నుంచి వచ్చిందట. బొట్టు పెట్టుకున్న నన్ను, నా చేతిలోని సాసేజ్ పొట్లాన్ని మార్చి మార్చి చూసింది.

"ఇది మీకా, ఆంటీ?" అని ఇంగ్లీషులో అడిగింది.

"మా వియ్యపురాలికి. ఉక్రెయిన్ ఆవిడ. అన్నం తినడం లేదు," అన్నాను, మురళి దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు.

ఆ అమ్మాయి నా చేతిలోది తీసుకుని వెనక్కి పెట్టేసి, లోపలి నుంచి గుర్రపు నాడాలా వంకర తిరిగి ఉన్న, పొగ పట్టించిన సాసేజ్ తెచ్చింది. "అమ్మమ్మలకు ఇది," అంది. సాసేజ్ పదిహేను డాలర్లు, క్యాబేజీ సీసా తొమ్మిది, రై అనే ధాన్యంతో చేసే పుల్లటి నల్ల రొట్టె ఏడు. సంచిలో అడుగున ఐసు ముక్కల పొట్లం కూడా పెట్టి ఇచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు ఇంటి దగ్గరి మార్కెట్‌లో ఆగి బంగాళదుంపలు, క్యారెట్లు, ఒక్సానా చెప్పిన డిల్ ఆకు, అదే మన సోయాకూర, దొరక్కపోతే దాని బదులు కొత్తిమీర, నా వంట కోసం ఒక పచ్చి క్యాబేజీ కొన్నాను. కూరగాయలమ్మే చైనా ఆవిడ నా సంచిలోని సీసా చూసింది. "సాల్టెడ్ వెజిటబుల్ ఆ? ఫస్ట్ మస్ట్ వాష్ లా ఆంటీ, టూ టైమ్స్ వాష్!" అని, ముందు రెండుసార్లు కడగాలని చేతులతో చేసి చూపించింది. నేను నవ్వి ఊరుకున్నాను. ఊరగాయకు నీళ్లు చూపించమంటే ఎవరు చూపిస్తారు? జాడీలో తడి గరిట పెట్టినందుకు మా అమ్మ నన్ను రెండు రోజులు వంటింట్లోకి రానివ్వలేదు.

మధ్యాహ్నం వంట మొదలుపెట్టాను. ఒక్సానా పక్కన నిలబడి చెబుతుంటే, ఉల్లిపాయలు సన్నగా తరిగి బంగారు రంగు వచ్చేదాకా వేయించాను. క్యారెట్టు తురుము వేశాను. బంగాళదుంపలు పక్క పొయ్యి మీద ఉడకబెట్టాను. సాసేజ్ బిళ్లలుగా కోసి, వేరే మూకుడులో అంచులు ఎర్రబడేదాకా వేయించి కలిపాను. ఎండుమిర్చి వెయ్యబోయిన చేతిని నేనే వెనక్కి తీసుకున్నాను. సీసా మూత తియ్యగానే మాగిన పులుపు వాసన ఇల్లంతా పాకింది. "అమ్మ దీన్ని నీళ్లలో ఏదో చేసేది, వదినా. సరిగ్గా గుర్తు లేదు," అంది ఒక్సానా. "ఊరినదానికి నీళ్లు తగలకూడదమ్మా," అని, పొడి గరిటతో ఊటతో సహా ముప్పాతిక సీసా గిన్నెలో వేశాను. బిర్యానీ ఆకు, మిరియాలు వేసి మూత పెట్టి, మంట తగ్గించాను. కాసేపటికి మూత తీస్తే ఆవిరిలో పులుపు తప్ప ఇంకేమీ తెలియలేదు. చప్పగా ఉన్నట్టుంది అనుకుని, చేతికొచ్చినంత ఉప్పు వేశాను.

కుర్చీ కిర్రుమంది. హలీనా గారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఎప్పటిలాగే భుజం పట్టుకుని వెనక్కి తీసుకెళ్దామని ముందుకు వచ్చాను. ఆవిడ నన్ను దాటుకుని వెళ్లి, గరిట తీసుకుని, గిన్నెలోంచి కొంచెం నోట్లో వేసుకున్నారు.

ముఖమంతా ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ కూతురితో ఒక్క మాట అన్నారు.

"ఏమంటున్నారు?"

ఒక్సానా పెదవులు బిగబట్టింది. "సముద్రం కూడా ఇంత ఉప్పగా ఉండదు అంటోంది."

ఆ తర్వాత హలీనా గారు నవ్వారు. గోడ పట్టుకుని నవ్వారు. హాల్లోంచి మురళి పరుగెత్తుకొచ్చాడు, ఏం జరిగిందోనని. ఒక్సానా నా వంక తిరిగి, "వదినా, క్యాబేజీలో మాంసం లేదు కదా. ముందే కొంచెం తిని చూడొచ్చు కదా?" అంది.

"తోచలేదమ్మా," అన్నాను.

అప్పటికే హలీనా గారు చేతులు పైకి మడుచుకున్నారు. సింకు దగ్గర ఉన్న నా పచ్చి క్యాబేజీ అందుకుని, కత్తితో టకటకా దారాల్లా తరిగారు. ఇన్నేళ్లుగా వండుతున్నా ఆ వేగం నాకు రాలేదు. అది గిన్నెలో కలిపి, ఉడికిన బంగాళదుంపలు చిదిపి వేసి, చెంచా పంచదార వేశారు. కూతుర్ని రెండుసార్లు కసిరారు, ఒకసారి మోచేత్తో పక్కకు నెట్టారు. "అదే మాట," అంది ఒక్సానా నెమ్మదిగా. "పాడు చేస్తావు, పో అంటోంది." చెప్పి తల తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

"అత్తయ్యగారూ, మీరు కూర్..." అని మురళి మొదలుపెట్టాడు. "ఒరేయ్, నువ్వు కూర్చో," అన్నాను.

ఆవిడ రుచి చూసిన గరిట మళ్లీ గిన్నెలోనే పెట్టేవారు. మా ఇంట్లో అయితే ఆ వంట ఎంగిలి. నేను చూస్తూ నిలబడ్డాను. గంట దాటాక గరిటెడు తీసి, ఊదుకుంటూ నా నోటి దగ్గరికి తెచ్చారు. నేను చేతులు జోడించి తల అడ్డంగా ఊపాను. ఒక్సానా ఏదో చెప్పబోయింది. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. నా మెడలోని తులసి పూసల వంక చూసి, తన గొలుసుకున్న శిలువ మీద వేలు పెట్టుకుని, అర్థమైందన్నట్టు తల పంకించారు. తరువాత చిన్న మూకుడు కడిగి పొయ్యి మీద పెట్టారు. మిగిలిన పచ్చి క్యాబేజీ, సీసా అడుగున మిగిలిన పుల్ల క్యాబేజీ తీసుకున్నారు. ఆ పుల్లదాన్ని కుళాయి కింద రెండుసార్లు కడిగి, నాకు కనబడేలా గట్టిగా పిండారు. ఉల్లిపాయ, నూనె, మిరియాలతో విడిగా వేయించారు. వాళ్ల ఉపవాసాల రోజుల్లో తినేది ఇదేనట. ఆ మూకుడులో మాత్రం రుచి చూసిన గరిట మళ్లీ పెట్టలేదు, అరచేతిలో చుక్క వేసుకుని చూశారు. ఎలా తెలిసిందో నాకు తెలియదు.

నాలుగు గంటలకు అందరం బల్ల దగ్గర కూర్చున్నాం. ఆవిడ శిలువ గుర్తు వేసుకున్నారు, నేను కళ్లు మూసుకుని నా స్వామిని తలుచుకున్నాను. ఆవిడ తినకుండా నా వంకే చూస్తున్నారు. నేను మొదటి ముద్ద తిన్నాను. పుల్లగా, కమ్మగా ఉంది. "బాగుంది వదినగారూ," అన్నాను. అప్పుడు తన పళ్లెం ముందుకు లాక్కుని తిన్నారు. రొట్టెతో పళ్లెం తుడుచుకుని, మళ్లీ వడ్డించుకున్నారు. నేను రొట్టె ఆవిడ వైపు జరిపాను. మాట్లాడితే చెంచా ఆగిపోతుందేమోనని నా భయం.

తరువాతి వారం డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు బరువు తగ్గలేదు, కొద్దిగా పెరిగింది. ఆసుపత్రి మాట ఎత్తలేదు. అప్పటికి ఉదయం వంటిల్లు నాది, సాయంత్రం ఆవిడది అయిపోయింది. ఒకరి గిన్నెల్లో ఒకరం వేలు పెట్టుకుని పోట్లాడుకునేదాకా వచ్చాం, రెండు భాషల్లో. ఒక మనిషిని గౌరవించడమంటే కూర్చోబెట్టి పెట్టడమే అని నేను నమ్మాను. జీవితమంతా పదిమందికి వండి పెట్టిన చేతులకు పని లేకుండా చేసి, ఆకలి ఎందుకు లేదని అడిగాను. ఆ చేతులకు గరిట ఇప్పించింది నా తెలివి కాదు, ఎక్కువైన ఉప్పు. దేవుడు ఏ రూపంలో వస్తాడో చెప్పలేం అంటారు, నేను మాత్రం ఉప్పు రూపంలో చూశాను.

మీరూ ఈ కూర వండాలనుకుంటే ఒక్కటే మాట. సీసా సీసాకూ పులుపు, ఉప్పు మారతాయి. మూత తియ్యగానే రెండు పోగులు నోట్లో వేసుకుని, ఘాటుగా ఉంటే కడిగి పిండి, ఆ తర్వాతే పొయ్యి మీద పెట్టండి. ఇంట్లో ఆ వంట తెలిసిన పెద్దావిడ ఉంటే మాత్రం ఇవేవీ వద్దు. గరిట ఆవిడ చేతికిచ్చి, ఉల్లిపాయలు మీరు తరగండి.