కాలు ఆనని బండి

“సార్ పోయిండే బిడ్డా,” అని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కోఠిలో, మా బ్యాంకు ముందు బండి ఆపి హెల్మెట్ తీస్తున్నాను. పొద్దున చాయ్ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే తల వాల్చేశారట. ఇంకొంచెం చాయ్ పోయాలా అని వాళ్లావిడ, మా ఆంటీ, వంటింట్లోంచి అడిగితే పలకలేదట. నేను హెల్మెట్ మళ్లీ పెట్టుకుని బండి చిక్కడపల్లి వైపు తిప్పాను. దారంతా ఏడ్చాను. హెల్మెట్ అద్దం దించుకుంటే ఎంత ఏడ్చినా ఎవరికీ కనబడదని చెప్పింది కూడా ఆయనే. డిగ్రీలో ఒక పేపరు పోయినప్పుడు చెప్పారు.

సార్ మా ఎదురింటాయన. నారాయణగూడలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. మా గల్లీలో ఆయనను పేరు పెట్టి పిలిచిన వాళ్లను నేను చూడలేదు. పాలవాడికీ సారే, మా నాన్నకూ సారే. కాలేజీకి ఎండాకాలం సెలవులు ఇవ్వగానే తన పాత మోటార్ సైకిల్ మీద హిమాలయాలకు పోయి, మొఖం నల్లగా కమిలిపోయి తిరిగొచ్చేవారు. ఆ బండికి మడ్‌గార్డు పైకి లేపించారు, హ్యాండిల్ వెడల్పు చేయించారు, సీటు ఎత్తు చేయించారు. దాన్ని ఇంకెవరికీ ఇచ్చేవారు కాదు. దాని మీద గల్లీ చివర పాలకు పోయినా పెద్ద బూట్లు వేసుకునే పోయేవారు. “సార్ పాలకు పోతున్నడా, బార్డర్‌కు పోతున్నడా?” అని గల్లీలో అందరూ ఆట పట్టించేవారు.

ఆయన గురించి మంచి మాటలు రాయాలనే కూర్చున్నాను. మధ్యలో గొంతు మారితే ఏమీ అనుకోకండి. సార్ మీద నాకు కోపంగా ఉంది. పోయిన మనిషి మీద కోపం ఎందుకూ పనికిరాదని తెలుసు, అయినా ఉంది.

నాకు గేర్ల బండి నేర్పింది ఆయనే. తెలంగాణ కోసం బందులు నడుస్తున్న రోజులవి. బస్సులు, ఆటోలు లేక నారాయణగూడ ఫ్లైఓవర్ కింద పిల్లలు క్రికెట్ ఆడుకునేవారు. అలాంటి పొద్దుల్లో నాన్న దగ్గర బండి తాళం అడిగి తీసుకుని, నన్ను అశోక్‌నగర్ గల్లీల్లోకి తీసుకుపోయేవారు. వెనక ఎక్కి కూర్చునేవారు కాదు. మొదట పక్కన నడిచారు, తర్వాత పరుగెత్తారు, ఆ తర్వాత ఒక చోట నిలబడి చూశారు. “క్లచ్ అంటే కుక్కపిల్ల చెవి బిడ్డా. మెల్లగ పట్టు, మెల్లగ ఇడువు,” అనేవారు. నేను బయల్దేరిన ప్రతిసారీ వెనకనుంచి ఒకటే కేక వినిపించేది. “స్టాండు!” సైడ్ స్టాండు తీయకుండా బయల్దేరితే మలుపులో పడిపోతామని ఆయన భయం. నాకే కాదు, గల్లీలో ఎవరు బండి తీసినా ఇంట్లోంచే ఆ కేక వేసేవారు.

ఒకరోజు సాయంత్రం ఆయన మెట్ల మీద కూర్చుని పల్లీలు ఒలుస్తుంటే పోయి అడిగాను.

“సార్, నాకు అడ్వెంచర్ బండి కావాలె.”

“అడ్వెంచర్ బండికి ఉండదు, తొవ్వకుంటది. ఏ తొవ్వల పోతవో చెప్పు, ఏ బండో నేను చెప్త.”

“స్పితి పోత సార్. మీ ఫొటోలల్ల చూసిన కదా, హిమాలయాలల్ల ఆ లోయ.”

ఆయన నవ్వలేదు. ఈ మాట ఇంట్లో అన్నప్పుడు అమ్మ నవ్వింది, మా అన్న పడీ పడీ నవ్వాడు. సార్ మాత్రం పల్లీ పొట్టు ఊదేసి, “ఒక్కదానివా, ఎనక ఎవరన్న కూసుంటరా?” అని అడిగారు. నా జీవితంలో అంతకంటే గౌరవమైన ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత చాలా సాయంత్రాలు ఆ మెట్ల మీదే గడిచాయి. ఏ బండి మంచిదని ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నాతోనే చెప్పించేవారు. తారు రోడ్డు ఎంత, రాళ్ల దారి ఎంత, వాగులు దాటాలా? బండి కడుపు కింద ఎంత జాగా ఉండాలి? పెట్రోలు బంకు లేని చోట ట్యాంకు ఎంత దూరం లాగాలి? అక్కడ చెడిపోతే ఊళ్లో మెకానిక్ విప్పగలిగే బండేనా? నేను పెద్ద ఇంజన్ల గురించి మాట్లాడితే, “నీకు ఎగిరే బండి కాదు, ఎక్కే బండి కావాలె,” అనేవారు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గవర్నమెంటు పరీక్షలకు చదివే కుర్రాళ్లు కూడా బండి కొనే ముందు ఆయనను అడగడానికి వచ్చేవారు. నా ఎదురుగానే ఒకతన్ని ఇంటికి తిప్పి పంపారు. “బూట్లేసుకొని రా తమ్మీ, పోదాం. చెప్పులతోని కూసుంటే బండి ఎత్తు తెల్వది.” అప్పుడు ఆ మాట నాకు చిన్న విషయంలా అనిపించింది.

ఒక ఆదివారం ఆయన నాన్న బండిని మా ఇంటి ముందు నేల మీద పడుకోబెట్టారు. “లేపు. లేపలేని బండి కొంటే దారిల ఎవరన్న వచ్చేదాంక కూసోవాలె.” రెండు సార్లు లాగాను, కదల్లేదు. “చేతులతోని కాదు బిడ్డా. బండికి వీపు తిప్పు, కూసో, కాళ్లతోని లే.” వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని వెనక్కి అడుగులేస్తూ లేచాను. బండి నాతో పాటు లేచింది. సార్ చప్పట్లు కొట్టారు. నాన్న బజారునుంచి రాగానే గేటు దగ్గరే ఆపి, “మీ బిడ్డ బండి లేపిందండీ,” అని, తన కూతురికి ఫస్టు ర్యాంకు వచ్చినట్టు చెప్పారు. వచ్చే ఎండాకాలం ముగ్గురం పోదామని కూడా ఆరోజే అన్నారు. ఆంటీని కారులో ముందు పంపి, మేమిద్దరం బండ్ల మీద.

ఆ ఏడాదే మా లాంటి వాళ్లు కొనుక్కోగలిగిన ఒక ఎత్తు బండి వచ్చింది. సన్నగా, తేలిగ్గా, మట్టి రోడ్లకు పనికొచ్చే టైర్లతో ఉంటుంది. మెట్ల మీద కూర్చుని మేము లెక్కలు కట్టుకున్న బండి అచ్చంగా అదే. నారాయణగూడ షోరూంలో పెట్టారని తెలిసి నేను ఎగిరి గంతేశాను. సార్ వారం పాటు ఏమీ అనలేదు. ఒక మధ్యాహ్నం హఠాత్తుగా మా గేటు ముందు నిలబడి పిలిచారు.

“రా బిడ్డా, బండి చూసొద్దాం.”

“ఒక్క నిమిషం సార్, షూస్ వేసుకుంట.”

“ఎందుకు, దగ్గరనే కదా. చెప్పులేసుకొనే రా.”

అరిగిపోయిన హవాయి చెప్పులతో పోయాను. బండి ఎక్కి కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లు మాత్రమే నేలకు తగిలాయి. బండి అటూ ఇటూ ఊగింది. సార్ నా పాదాలవైపు చాలాసేపు చూశారు. “ఆనుతలేదు బిడ్డా,” అన్నారు. “కాలు ఆనని బండి నీది కాదు.” ఆ గొంతులో ఎంత బాధ ఉందంటే, నేనే ఆయనను ఓదార్చాను.

తర్వాత నాన్న నాకొక మామూలు బండి కొనిచ్చాడు. “దీని మీద అంత దూరం వద్దు, జర అలవాటు కానీ,” అన్నారు సార్. ఆ ఎండాకాలం ఆయన ఒక్కరే పోయారు. వచ్చేటప్పుడు ఎండిన ఆప్రికాట్ల పొట్లం తెచ్చి, “నీ వాటా బిడ్డా,” అని నా చేతిలో పెట్టారు. ఎంత సంతోషంగా తిన్నానో. తర్వాత బ్యాంకు ఉద్యోగం వచ్చింది. నేను అనంతగిరి దాకా, నాగార్జునసాగర్ దాకా పోయి వచ్చేదాన్ని. మనకు రాసిపెట్టిన ఎత్తు ఇంతే అనుకుని ఆ లోయ మాట ఎత్తడం మానేశాను.

సార్ దశదినకర్మ నాడు వాళ్లింట్లో భోజనాలు. నేను నీళ్లు పోస్తున్నాను. అమ్మ పంక్తిలో కూర్చుని మా చిన్నమ్మతో సార్ మంచితనం గురించి చెబుతోంది. “మా పిల్లకు బండి పిచ్చి మాన్పిచ్చింది ఆయనేనే. మేం పోయి చేతులు పట్టుకున్నం. ‘నేను వద్దనను చెల్లె, బిడ్డనే వద్దనుకునేటట్టు చూస్త’ అన్నడు. అన్నట్టే చేసిండు, మహానుభావుడు.”

నీళ్లు గ్లాసు నిండి ఆకులోకి పోయాయి.

మాన్పించడం. తాగుడు మాన్పిస్తారు, సిగరెట్లు మాన్పిస్తారు. ఆడపిల్లకు చదువు మాన్పిస్తారు. నాకు ఎవరూ ఏదీ మాన్పించలేదనీ, మా ఇల్లు అలాంటిది కాదనీ నేను స్నేహితులకు గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇంట్లో ఎవరైనా ఎదురుగా వద్దని ఉంటే పోట్లాడేదాన్ని. వద్దనకుండా, నాతోనే లెక్కలు కట్టించి, చెప్పులతోనే బండి ఎక్కించి, నా కాళ్లనే నాకు సాక్ష్యంగా చూపించారు. దానితో ఎవరు పోట్లాడగలరు? ఇన్నేళ్లూ నేను నా ఎత్తును తిట్టుకున్నాను.

ఇంటికి రాగానే నాన్నను అడిగాను, ఎప్పుడు చెప్పారు సార్‌కు అని.

“నువ్వు బండి లేపినవని వచ్చి చెప్పిండు చూడు, ఆ రోజే,” అన్నాడు. “నాకు భయమైంది. నిజంగనే పోతవనిపించింది. నేను వద్దంటే నువ్వు ఇంటవా? సార్ అయితే నొప్పి తెల్వకుండ మాన్పిస్తడని…”

“నొప్పి తెల్వకుండ మాన్పియ్యనీకి నాదేమన్న పుండా నాన్న?”

 ఆ రాత్రి నాన్న టీవీ పెట్టుకోలేదు.

అప్పటినుంచి జ్ఞాపకాలన్నిటినీ ఆ ఆదివారం సాయంత్రానికి ముందువి, తర్వాతవి అని విడదీసుకుంటున్నాను. కుక్కపిల్ల చెవి ముందుది. పల్లీలు, చప్పట్లు ముందువి. ఆప్రికాట్లు తర్వాతవి. ముందువన్నీ నిజమని నాకు నేను చెప్పుకుంటాను. కానీ ఒక్కసారి మోసపోయాక ముందువాటిని కూడా పట్టి పట్టి చూడవలసి వస్తోంది. నన్ను అందరికంటే ముందు నమ్మిన మనిషి ఆయన. ఆ నమ్మకాన్నే నా మీద వాడారు. అమ్మానాన్నల మీద నాకు ఇంత కోపం రాలేదు, వాళ్లు భయపడటం నాకు కొత్త కాదు.

మొన్న ఆంటీ రమ్మని పిలిచింది. సార్ బట్టలు, సామాను ఎవరెవరికో ఇచ్చేస్తోంది. నేను ఉండబట్టలేక షోరూం సంగతి అడిగేశాను. ఆంటీ తెలియదని బొంకలేదు.

“ఆ దినం వచ్చి బూట్లు గూడ ఇప్పకుంట కూసున్నడు. ఏమైందంటే నా మీద ఇసుక్కున్నడు. ‘పిల్ల ఎదురు ఒక్క మాట అడగలే’ అన్నడు. అడుగుతవనుకున్నడేమో మరి.”

“అడగాల్నని నాకు నేర్పలే ఆంటీ,” అన్నాను.  “నమ్మాల్నని నేర్పిండు.”

ఆంటీ నా వీపు నిమిరి లోపలికి పోయింది. గేటు పక్కన ఇచ్చేయడానికి తీసిపెట్టిన సామాను ఉంది. స్వెటర్లు, రెయిన్‌కోటు, వాటి పక్కన ఆ బూట్లు. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అనుకున్న దానికంటే చాలా బరువుగా ఉంది. తిరగేసి చూశాను. అసలు అడుగు కింద, పాత టైరు కోసి అతికించి, చుట్టూ మేకులు కొట్టిన ఇంకో అడుగు ఉంది. దాని కింద మరొకటి. నా రెండు వేళ్ల మందం. రెండో బూటు కూడా అంతే.

ఇంట్లో ఉత్త కాళ్లతో ఉన్నప్పుడు సార్ కొంచెం పొట్టిగా కనిపించేవారు. ఇంట్లో లుంగీ కట్టుకుంటే ఎవరైనా అలాగే కనిపిస్తారని అనుకునేదాన్ని. పాలకు పోయినా బూట్లు ఎందుకో అప్పుడు అర్థమైంది. ఆయన కాలు కూడా ఆయన బండికి ఆనేది కాదు. ఆనకపోతే ఏం చేయాలో ఆయనకు బాగా తెలుసు. ఆ ఒక్క సంగతే నాకు చెప్పలేదు.

“నీకేం పడ్తయే, గంత పెద్దగున్నయి,” అంది ఆంటీ, నేను వాటిని సంచిలో పెట్టుకుంటుంటే.

“పడవు ఆంటీ. అయినా నాకియ్యండి.”

నారాయణగూడ మార్కెట్ పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పోయి నా బూట్లు ఇచ్చాను. కిందనుంచి ఎత్తు పెంచాలని చెప్పాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, “ఎంత పెంచాలమ్మా?” అని అడిగాడు. క్షమించానని కాదు. క్షమించలేదు. సంచిలోంచి సార్ బూటు తీసి, తిరగేసి, నా బూటు పక్కన పెట్టాను.

“గింత,” అన్నాను.