ఏం తిన్నారు, పిన్నిగారూ?

మెస్ పిన్నిగారు పోయారన్న కబురు నాకు కాకినాడలో, శిక్షణ కోసం వెళ్ళిన ఆసుపత్రి వంటగదిలో ఉండగా తెలిసింది. మా మెస్ గ్రూపులో ఎవరో పెట్టారు. పొద్దున్నే పప్పు పొయ్యి మీద పెట్టి, కాస్త నడుం వాల్చి, మరి లేవలేదట. గుండె ఆగిపోయిందన్నారు. రోగుల భోజనాల పట్టిక చేతిలో పెట్టుకునే గోడకి ఆనుకుని ఏడ్చేశాను.

నిరుడు న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చదవడానికి జంగారెడ్డిగూడెం నుంచి రాజమండ్రి వచ్చాను. డిగ్రీ అంతా ఇంటి నుంచే బస్సులో వెళ్ళి చదివినదాన్ని. ఇక్కడ పిన్నిగారి మేడ మీద గది, కింద ఆవిడ నడిపే మెస్. క్లాసులో అంతా ఇంగ్లీషే. పక్కవాళ్ళు టకటకా రాసుకుపోతుంటే నేను బోర్డు వంక చూస్తూ కూర్చునేదాన్ని. పది రోజులు తిరిగేసరికి అన్నం సహించడం మానేసింది. ఓ ఆదివారం బ్యాగు సర్దుకుని మెట్లు దిగాను.

పిన్నిగారు గుమ్మంలో కూర్చుని గోంగూర తుంచుతున్నారు. సముద్రం ఒడ్డున చేపలవాళ్ళ ఇంట పుట్టిన మనిషి, గొంతు వీధి చివరికి వినపడేది.

"ఎక్కడికమ్మాయ్?"

"ఇంటికండి. ఈ చదువు నావల్ల కాదండి."

"అన్నం గురించి చదవడానికొచ్చి అన్నం మానేసి పోతావా ఏంటి? తినేసి వెళ్ళు. బస్సులు సాయంత్రం దాకా ఉంటాయి."

ఆ రోజు గోంగూర రొయ్యలు. రెండోసారి అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాను. బస్సు ఎక్కలేదు. నా చదువు నిలబడింది ఆ పూటే.

మా మొదటి ప్రాక్టికల్ ఏమిటంటే, ఒక మనిషిని నిన్నంతా ఏం తిన్నారో అడిగి, కప్పులూ చెంచాలూ చూపించి, ఎంత తిన్నారో రాసుకోవాలి. పిన్నిగారినే అడిగాను. వేళ్ళు మడుస్తూ చెప్పారు: ఇడ్లీ, ముద్దపప్పు, వంకాయ కూర, పండుగప్ప చేప పులుసు, గడ్డ పెరుగు, సాయంత్రం పెసరట్టు. బుద్ధిగా అన్నీ రాసి, కింద 'ఆహారం సంపూర్ణం' అని తేల్చేశాను. మార్కులూ బాగానే వచ్చాయి.

వారం తర్వాత రికార్డు మర్చిపోయి మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చాను. పిన్నిగారు వంటింట్లో పీట మీద కూర్చుని తింటున్నారు. కంచంలో అడుగంటిన అన్నం, పల్చటి చారు, ఓ ఉల్లిపాయ ముక్క. పులుసు గిన్నె అప్పటికే కడిగి బోర్లించి ఉంది.

"మొన్న చేప తిన్నానని చెప్పారు కదండీ?"

"ఇంట్లో ఏం వండానో అది చెప్పానమ్మా. ఇంటావిణ్ణి అడిగితే అదే కదా చెబుతుంది? నేనేం తిన్నానో ఎవరిక్కావాలి?" అని నవ్వారు.

మా వైపు ఎవరెదురైనా ముందు అడిగేది 'ఏం కూరండి?' అనే. పుట్టినప్పట్నుంచీ మా అమ్మా అత్తలూ ఇంట్లో వండిందే చెప్పడం వింటూ పెరిగి కూడా, నాకు ఆ మాత్రం తట్టలేదు. ప్రాక్టికల్ చూసే మేడమ్‌కి చెబితే ఆ కాగితం అడ్డంగా కొట్టేసి మళ్ళీ రాయమన్నారు.

అప్పట్నుంచి క్లాసు లేని మధ్యాహ్నాలు ఆవిడతో కూర్చుని తినేదాన్ని. పులుసులో ఓ నడిముక్క ముందే తీసి మూతపెట్టేదాన్ని. "నాకు తోక ముక్క చాలు. నడిముక్క పిల్లలకుంచు" అని విసుక్కుంటూనే తినేవారు. పరీక్ష చేయిస్తే రక్తం బాగా తక్కువన్నారు. మాత్రలు దగ్గరుండి మింగించాను. రోజూ ఆవిడ తిన్నది నోట్‌బుక్‌లో రాసేదాన్ని. "నా మీద రాసి నువ్వు పాసైపోతున్నావు" అని ఏడిపించేవారు. కొన్నాళ్ళకి ఆయాసం లేకుండా మేడ ఎక్కి నా గది తలుపు కొట్టారు.

తర్వాత నన్ను కాకినాడ పంపారు. ఫోన్ చేసి ఏం తిన్నారని అడిగితే, "అన్నీ తిన్నానమ్మా" అనేవారు. నేను నమ్మాను. నమ్మడం తేలిక కాబట్టి నమ్మాను.

పెద్దకర్మ ముందు రోజు, పాలకొల్లులో ఉండే ఆవిడ కూతురు ఫోన్ చేశారు. పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి, ఇంట్లో ఎవరూ ముట్టకముందు వాళ్ళకి ఆకు వేయడం వాళ్ళ ఆచారం.

"అమ్మకి ఏం ఇష్టమో నాకు తెలియట్లేదమ్మా. ఎప్పుడూ మాకిష్టమైనవే చేసేది. నువ్వు రోజూ రాసుకునేదానివట కదా, కాస్త చూసి చెప్పవా?"

నోట్‌బుక్ తీశాను. ఎన్ని కప్పుల అన్నం, ఎన్ని చెంచాల పప్పు, అన్నీ ఉన్నాయి. ఇష్టమేమిటో రాసే గడి లేదు. నేనూ ఏ రోజూ అడగలేదు.

"నాకూ తెలియదక్కా" అన్నాను. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

చివరికి అక్క, వాళ్ళమ్మ అందరికీ ఏం వండేదో అవే వండింది. మర్నాడు నేను వెళ్ళేసరికి ఫొటో ముందు అరిటాకు వేసి ఉంది. ఇడ్లీ, ముద్దపప్పు, వంకాయ కూర, గడ్డ పెరుగు, పెసరట్టు. పండుగప్ప పులుసు, అందులో నడిముక్క. మేడమ్ కొట్టేసిన నా మొదటి కాగితంలో ఉన్నవన్నీ ఆ ఆకులో ఉన్నాయి.

మెస్‌లో తిన్నవాళ్ళమంతా గోడ వెంట నిలబడ్డాం. పన్నెండు దాటింది, అందరికీ ఆకలిగా ఉంది, ఎవరూ కదల్లేదు. పులుసు మీద ఆవిరి నెమ్మదిగా తగ్గుతోంది. ఆ ఇంట్లో మొదటిసారి, పిన్నిగారు తినేదాకా మేమంతా ఆగాం.