వీధంతటికీ ఒకటే నంబరు

పోటీకొచ్చిన పెద్ద నెట్ కంపెనీ మనుషులు నిచ్చెనేసుకొని జయకుమార్ నెట్ వైరు కొయ్యబోయిన రోజు సిద్దమ్మ అరుగు మీదనే ఉంది. జయకుమార్ అరవలేదు, ఎవరి కాలరూ పట్టలేదు.

"కొయ్యండప్పా. మొదట నెట్ పోయేది ఆ అవ్వ ఇంటికే. ఆమెకు మీరే చెప్పి పోండి" అన్నాడు.

నిచ్చెన మీదివాడు ఇటు చూశాడు. సిద్దమ్మ నోట్లోని వక్కాకు ఉమ్మి కొంగు దోపింది. వాడు గమ్మున దిగిపోయాడు. కర్నూలులో ఆ వీధిలోకొచ్చి సిద్దమ్మ నోరెత్తితే ఏమవుతుందో వాడికెవరో చెప్పే ఉంటారు.

కోసిగి నుంచి కూలికొచ్చి, స్తంభాలెక్కి వైర్లు లాగి, ఆమె మిద్దె పైగదిలో సొంత నెట్ కంపెనీ పెట్టిన మనిషి జయకుమార్. అట్లాంటోడు ఇప్పుడు ఫోన్ మోగితే అన్నం ముద్ద జారవిడుస్తున్నాడు.

"ఏమప్పా, దయ్యం పట్టినోని మాదిరి ఉండావు?"

"స్టేషన్‌కు రమ్మన్నారవ్వా. ఎవడో మన నెట్ మీంచి ఒక ముసలాయన్ని మోసం చేసినాడంట. వాడు వాడిన నెట్ నంబరు, ఐపీ అడ్రసంటారే, అది ఎవరిదని అడుగుతాండారు. వీధంతటికీ ఒకటే నంబరాయె, ఎవరి పేరు చెప్పేది? చెప్పకుంటే నా కంపెనీ మూయిస్తారు."

పాత నంబర్లకు ఎప్పుడో కరువొచ్చిందని, అందుకే ఒకే నంబరును వీధంతా పంచుకుంటోందని, ఇంటింటికీ వేరే నంబరిచ్చే కొత్త పద్ధతి వచ్చి ఏండ్లయిందని అతనే చెప్పాడు.

"మరి అప్పుడే మార్చకుండా గాడిదలు కాస్తాంటివా?"

"నడుస్తాంది కదా అనుకుంటి. నాదంతా సెకండ్ హ్యాండ్ సామాను. సగం ఇండ్లలో పాత రౌటర్ డబ్బాలు, కొత్త నంబరు వాటికి తెలీదు. మార్చబోయి ఒక పూట నెట్ పోతే, అందరూ ఆ పెద్ద కంపెనీకి పోతారు. కొత్తది కావాలని ఒక్కరన్నా అడిగినారా? నువ్వు మాత్రం ఈ వఠారానికి వేరే డోరు నంబర్లు ఏయించినావా అవ్వా?"

సిద్దమ్మ బాడుగకిచ్చిన ఆ వఠారంలో కాపురాలన్నిటికీ ఒకటే డోరు నంబరు. మొన్న బాడుగకున్నోడెవడి మీదో వారంటొస్తే పోలీసులు ఆమె తలుపే బాదారు. అయినా పన్ను పెరుగుతుందని, రేపు చూద్దాం లెమ్మని జరుపుతూనే ఉంది.

అతను స్టేషన్‌కు పోయినాక ఆమె అన్నం గిన్నెకు మూత పెట్టేసింది. పొయ్యి దగ్గర కూర్చోలేక వాకిట్లోకి, వాకిట్లో నిలవలేక లోపలికి తిరిగింది. మధ్యాహ్నం ఎండలో అతని బండి కనపడినాక గానీ అరుగు మీద కూర్చోలేదు.

"ఈసారికి పంపించినారవ్వా. ఇంకోసారి ఇట్లయితే తాళమేనంట. ఇంక తప్పదు, రేపట్నుంచి కొత్త నంబర్లకు మార్చేస్తా. మొదట నీ ఇంటికే."

ఆమె ఇచ్చిన చెంబెత్తి నీళ్లు గటగటా తాగాడు.

"ఒకవేళ మార్చేటప్పుడు నెట్ ఆగిపోతే తిట్టు, నీ ఇష్టమొచ్చినంత తిట్టు. తలుపేసుకొని ఇంట్లోనే తిట్టవ్వా. వీధిలోకి మాత్రం రావద్దు."