రాజన్న బిగించిన మూత

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నవ్వుతూ మోశాను. నాతోపాటు అందరూ నవ్వారు. అందుకే దాని బరువు ఎవరికీ తెలియలేదు. మీకు చెబుతాను.

బహ్రెయిన్‌లో ఒక పెద్దాయన సొంత విమానం దగ్గర నా పని. నాలుగు సీట్ల చిన్న విమానం. ఆయన్ని మేమంతా కెప్టెన్ అంటాం. రెండు రెక్కల్లో రెండు ఫ్యూయల్ ట్యాంకులు. ఎగిరే ముందు నిచ్చెనెక్కి, రెండింట్లోనూ కొలిచే పుల్ల ముంచి చూడాల్సింది నేను. మూతలు బిగించాల్సింది జగిత్యాల రాజన్న.

ఆ శుక్రవారం రాజన్నని కూడా తనతో రమ్మన్నాడు కెప్టెన్. ఆ విమానంలో ఎగరడం అతనికి అదే మొదటిసారి. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల.

"పెళ్లిచూపులకి వెళ్తున్నట్టున్నావురా!" అన్నాను.

"పిల్ల మబ్బులల్ల ఉన్నదే అన్నా!"

నాకేమో రిఫా ఊళ్లో మా తెలుగు క్రైస్తవ సహవాసం ఆరాధనకి టైమవుతోంది. ఇక్కడ మాకు శుక్రవారమే ఆదివారం. కుడి ట్యాంకు చూశాను, నిండుగా ఉంది. నిచ్చెన ఎడమవైపుకి మార్చలేదు. విమానం లోపల ఎడమ ట్యాంకు కొలత చూపే ముల్లు కిందికే ఉంది, కానీ ఆ ముల్లు ఎప్పుడూ తప్పే చూపిస్తుందని మా అందరి నమ్మకం.

"దోనో దేఖా?" అన్నాడు కెప్టెన్, రెండూ చూశావా అని.

"దేఖా. ఫుల్."

ఎందుకలా అన్నాను? తొందరా? దేవుడి దగ్గరికే వెళ్తున్నాను కాబట్టి మిగతాది ఆయనే చూసుకుంటాడన్న ధీమానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

అమ్వాజ్ దీవులు దాటి సముద్రం మీదికి వెళ్లగానే, ఎడమ ట్యాంకు మీద నడుస్తున్న ఇంజిన్ దగ్గి ఆగిపోయిందట. కెప్టెన్ మీట కుడి ట్యాంకుకి తిప్పితే మళ్లీ అందుకుందట. అదంతా తమాషా అనుకుని రాజన్న చప్పట్లు కొట్టాడట.

నేనింకా ఆరాధనకి తీసుకెళ్లే వ్యాను కోసం చూస్తుండగానే తిరిగొచ్చేశారు. కెప్టెన్ మొహం పాలిపోయి ఉంది. రాజన్న మొహం వెలిగిపోతోంది. అందరికన్నా ముందు నేనే నిచ్చెనెక్కాను. గట్టిగా బిగించి ఉన్న ఎడమ ట్యాంకు మూత మీద చెయ్యేసి, "మూత వదులుగా ఉంది కెప్టెన్" అన్నాను. మూత వదులైతే గాలి ఫ్యూయల్‌ని బయటికి లాగేస్తుంది. కెప్టెన్ నమ్మాడు. పాపం, రాజన్న కూడా నమ్మాడు.

ఆ తర్వాత అతన్ని విమానం ముట్టుకోనివ్వలేదు. కార్లు కడిగే పనిలో పెట్టారు. ఉద్యోగం పోలేదని అతను సంబరపడ్డాడు. ఆరాధన అయ్యాక మేం తినే శుక్రవారం బిర్యానీకి తప్పకుండా వచ్చి ఆ కథ నటించి చూపిస్తాడు. ఇంజిన్ దగ్గు, తన చప్పట్లు, కెప్టెన్ గుడ్లు తేలేయడం. చివర్లో "మూత మరిసినోణ్ని నేనే!" అని రొమ్ము చరుచుకుంటాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. నాకూ నిజంగానే నవ్వొస్తుంది. నేను చేసినదాంట్లో అన్నిటికన్నా హీనమైనది ఆ నవ్వేనేమో.

పోయిన శుక్రవారం రాజన్న, కొత్తగా వచ్చిన ఒకతనికి ఆ కథ చెబుతూ, రొమ్ము చరుచుకునే చోటికి వచ్చాడు.

"నువ్వు కాదు రాజన్నా. మూత బాగానే బిగించావు. ట్యాంకు చూడనిది నేను."

అతని చెయ్యి గాలిలోనే ఆగింది.

"అయితే ఇగ ఈ కథ నువ్వే చెప్పు అన్నా."

ప్లేటు తీసుకుని అవతలి వరుసలో కూర్చున్నాడు.

క్షమించాడో లేదో తెలియదు. అడిగే మొహం లేదు. రేపు కెప్టెన్‌కి చెప్పాలి; ఆ విమానం నాకూ దూరం కావచ్చు. అయినా నా గుండె తేలికగా ఉంది, సిగ్గేసేంత తేలికగా. రాజన్నలా చెప్పడం నాకు రాదు. నవ్వించే చోట్లు పోగొట్టుకుంటూ వచ్చాను. అయినా ఇది నా కథ. చెప్పేశాను.