పూజలో పెట్టిన కాలమ్

ఎనభైల నడుమ వరంగల్‌లో పరిశోధన చేస్తున్న రోజుల్లో నా భయాలన్నీ ఒక జానెడు స్టీలు గొట్టంలో ఇమిడి ఉండేవి. దాన్ని కాలమ్ అంటారు. విదేశం నుంచి వచ్చింది. లోపల పిండి కంటే సన్నటి ప్లాస్టిక్ పూసలు, ప్రతి పూస నిండా రంధ్రాలు. పంపు తోసే ద్రావణంతో పాటు మన సరుకును ఒక కొసన పంపితే, అందులో కలగలిసి ఉన్నవి ఆ రంధ్రాల్లో దూరి, ఒక్కోటి ఒక్కో వేగంతో రెండో కొసన బయటికి వస్తాయి. వచ్చినప్పుడల్లా పక్కనున్న రికార్డర్ పెన్ను కాగితం మీద ఒక శిఖరం గీస్తుంది. సరుకు శుద్ధంగా ఉంటే శిఖరం ఒక్కటే. నా మట్టుకు పీహెచ్‌డీ అంటే ఆ ఒక్క శిఖరమే.

నా సరుకు ఒక పెప్టైడ్. అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి అతికించి కట్టిన చిన్న గొలుసు. కట్టడానికి ఏళ్లు పట్టింది. సిలికా పూసలున్న పాత కాలమ్‌లో పెడితే లావుపాటి మూపురం ఒకటి వచ్చేది తప్ప, లోపల ఉన్నది ఒకటో రెండో తేలేది కాదు. క్షార ద్రావణంలో నడిపితే తేలవచ్చు, కానీ క్షారానికి సిలికా కరిగిపోతుంది. ప్లాస్టిక్ పూసలకు ఆ బాధ లేదు. అందుకే నా పరిశోధనకు గైడ్ అయిన మా సార్ ఎవరెవరి చుట్టూ తిరిగారో గాని ఈ కాలమ్ తెప్పించారు. ఇది పాడైతే ఇంకోటి వచ్చేలోపు నా ఫెలోషిప్ అయిపోతుంది. అయిపోతే ఇంట్లో మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టుకోవాలి. నాన్న చదువు ఆపమని ఏనాడూ అనలేదు. ఇంకా ఎన్నాళ్లని మాత్రం అడిగేవాడు, ఆ అడగడానికే నా ప్రాణం పోయేది.

కాలమ్ బతుకమ్మ సెలవులకు ముందు వచ్చింది. వెంట వచ్చిన కాగితంలో ఒక హెచ్చరిక లావు అక్షరాల్లో ఉంది, ఎండనివ్వకూడదని. పూసలు ద్రావణంలో నాని, గొట్టం నిండా ఒత్తుగా కూర్చుని ఉంటాయి. ఎండితే ముడుచుకుని నడుమ సందు పడుతుంది. సందు పడ్డాక ఎంత శుద్ధమైన సరుకు పంపినా చీలిపోయి రెండు శిఖరాలుగా వస్తుంది. నేను రెండు కొసలకూ మూతలు బిగించాను. తలుపు దాకా వెళ్లి, అనుమానం తీరక వెనక్కి వచ్చి ఇంకోసారి బిగించాను. పండుగంతా నాకు ఆ మూతల మీదే ధ్యాస. మా అమ్మ ఒకటే దెప్పడం, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ కూడా గొట్టం కలవరిస్తున్నానని.

దసరా వెళ్లాక, సార్‌కు ఇవ్వడానికి జమ్మి ఆకు పట్టుకుని ల్యాబుకు వచ్చాను. కిటికీ పక్కన అమ్మవారి ఫోటో, దాని ముందు పళ్లెం. పళ్లెంలో వాడిన బంతిపూల మధ్య, ఒళ్లంతా పసుపు పూసుకుని, నా కాలమ్. మూతలు లేవు. తెరిచిన కొస మీద కుంకుమ బొట్టు.

మా దగ్గర దసరాకు పనిముట్లన్నీ కడిగి పూజిస్తారు. మగ్గమైనా సైకిలైనా కడగాల్సిందే. కానీ దీన్ని కడగడమేమిటి? పళ్లెంలోంచి కాలమ్‌ను చేతిలోకి తీసుకున్నాను.

"మూతలు ఎవరు తీసిండ్రు?" అని అటెండర్‌ను అడిగాను.

"సారే బిడ్డా. పూజల పనిముట్టు మూసి ఉండొద్దు, కడిగి ఆరవెట్టాలె అన్నడు. నువ్వు గంత గట్టిగ బిగిస్తివి, పానా పెట్టి తీయాల్సొచ్చె."

సార్ గాజు గొట్టాల కాలం మనిషి. గాజును కడిగి ఆరబెట్టడమే ఆయన ఎరిగిన శుభ్రత. ఇంతలో ఆయనే వచ్చారు. జమ్మి చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాను. గురువును నిలదీద్దామనుకున్న మనిషి చేయవలసిన పనేనా అది!

"సల్లగుండు బిడ్డా. ఏంది, మొఖం గట్ల తెల్లవోయింది?"

"సార్, కాలమ్ ఎండింది."

"ఎండొద్దా?" అన్నారు మెల్లగా. ఆ గొంతులో భయం వినడం నాకు అదే మొదలు. ధైర్యం చెప్పాల్సిన మనిషే బెదిరిపోతే నాకు దిక్కెవరనుకున్నాను.

కుంకుమ తుడిచి, కాలమ్‌ను పంపుకు తగిలించి, ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా ఎక్కించాను. ఒత్తిడి ముల్లు కదిలినప్పుడల్లా గొట్టం పగిలిందనే అనుకున్నాను. పగలలేదు. మధ్యాహ్నానికి ముల్లు నిలకడగా ఆగింది. అప్పుడు క్షార ద్రావణానికి మార్చి, నా పెప్టైడ్ ఎక్కించాను.

పెన్ను లేచింది, దిగింది. దిగీ దిగకముందే మళ్లీ లేచింది. రెండు శిఖరాలు.

"నా చేతులతోని పాడు జేసిన," అంటూ సార్ కూలబడ్డారు. కాసేపటికి తేరుకుని, "ఫికర్ వెట్టుకోకు. తెలిసిన సరుకు ఒకటి పెట్టి చూడు," అన్నారు. షాపు నుంచి తెచ్చిన శుద్ధమైన పెప్టైడ్ సీసా మా దగ్గర ఒకటి ఉంది. అది కూడా చీలితే తప్పు కాలమ్‌ది.

సూదిలోకి దాన్ని లాగుతుండగా ఆ లెక్కలో మిగతా సగం తట్టింది. అది చీలకపోతే? చీలకపోతే కాలమ్ నిక్షేపంగా ఉన్నట్టు. నేను ఇన్నేళ్లు కట్టిన గొలుసే రెండు రకాలుగా తయారైనట్టు. పొద్దుటి నుంచి పడిన భయం ఈ భయం ముందు ఏపాటిది? అమ్మవారి ఫోటో వైపు చూసి, తల్లీ, కాలమ్ పాడై ఉండేలా చూడు అని మొక్కుకున్నాను.

పెన్ను లేచింది. సన్నగా, నిటారుగా ఒకే ఒక్క శిఖరం గీసి కిందికి దిగింది. ఆ తర్వాత ఎంతసేపు చూసినా గీత చదునుగానే సాగింది.

"బతికింది! కాలమ్ బతికింది!" సార్ చేతులు జోడించి నా వైపు తిరిగారు. నా మొహం చూశాక ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి చాలాసేపు చూశారు.

"మొదటికెళ్లి కట్టాలె బిడ్డా," అన్నారు.

కాలమ్ పాడు కాలేదని ఆ గదిలో ఏడ్చింది నేనొక్కదాన్నే.